నాయనమ్మ ఊరి నీళ్లా, గైడ్ చెప్పిన అణువులా?

దర్శి దగ్గరి ఒక పల్లెలో పుట్టి, ప్రస్తుతం నెల్లూరులో హాస్టల్‌లో ఉంటున్న పరిశోధక విద్యార్థిని రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు, విభాగం బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు ఇరవై ఆరు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, రెండేళ్లు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, ప్రవేశ పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరారు. ఫెలోషిప్ లేదు. కోర్స్‌వర్క్ అయిపోయింది. మరో మూడు వారాల్లో పరిశోధనాంశాన్ని సలహా సంఘం ముందు పెట్టాలి. గైడ్ ఇస్తానంటున్న అంశం ట్రయజోల్ జాతి అణువులు (మూడు నైట్రోజన్లున్న చిన్న వలయం గల అణువులు): పాతిక కొత్త అణువులు తయారుచేయడం, కంప్యూటర్‌లో డాకింగ్ చేయడం, బ్యాక్టీరియా మీద పరీక్షించడం. ఆయన దగ్గర ఇదే దారిలో ఇప్పటికే నలుగురు పట్టాలు తీసుకున్నారు.

ఆమె మనసులో ఉన్నది వేరు. ఊళ్లో నాయనమ్మ మెడ తిప్పలేదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మనిషంతా తిరగాలి. నాన్నకు నలభై ఎనిమిదేళ్లకే మోకాళ్లు ముడవడం కష్టమవుతోంది. ఇంటికి ఇప్పుడు ప్లాంటు నుంచి క్యాన్ వస్తుంది కానీ, వంటకు ఇప్పటికీ బోరు నీళ్లే. గూడూరు నిమ్మ మార్కెట్లో పారేసే తొక్కలతో బొగ్గు చేసి, దానితో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పరిశోధన చేయాలన్నది ఆమె కోరిక. గైడ్‌కు చెబితే, "ఫ్లోరైడ్ మీద ఎంతమంది చేశారో లెక్క ఉందా? ఇంకొక బొగ్గును ఎవరు అచ్చు వేస్తారు? కొలవడానికి మన దగ్గర ఎలక్ట్రోడ్ కూడా లేదు" అన్నారట. ఇదంతా వదిలేసి నాయుడుపేట వైపో హైదరాబాదులోనో మందుల కంపెనీలో చేరమని అన్నయ్య అంటున్నారు. రెండేళ్లలో పెళ్లి చేయాలని అమ్మ తొందర. ఉత్తరం చివరి వాక్యం ఇది: "సార్ మాట కాదంటే ఈ నాలుగేళ్లు నరకం, వింటే జీవితమంతా నాయనమ్మ ముఖం చూడలేను. నేను ఏం చేయాలి?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం బోధించిన మనిషిగా, మీ దుఃఖం మీద నుంచి త్వరగా దాటిపోయి పాఠం మొదలుపెడతానేమో అనే భయంతో రెండోసారి చదివాను. ముందు ఆ దుఃఖం గురించే ఒక మాట.

ఎముకల్లో చేరి, కీళ్లను బిగించేసిన ఫ్లోరైడ్‌ను ఏ థీసిస్సూ వెనక్కి తీయలేదు. మీరు ఏ అంశం తీసుకున్నా నాయనమ్మ మెడ తిరగదు. ఈ మాట కఠినంగా ఉంటుందని తెలుసు, కానీ ఎవరో ఒకరు చెప్పకపోతే మీరు ఈ పరిశోధనను ఆమెకు తీర్చాల్సిన బాకీలా మోస్తారు. బాకీ తీర్చే తొందరలో ఉన్నవారు తమకు ఇష్టంలేని ఫలితాన్ని చూడలేరు. నిమ్మతొక్క బొగ్గు పని చేయదని మీ సొంత ప్రయోగమే చెబితే, దాన్ని అలాగే రాయగలరా? ఈ ప్రశ్నకు అవునని నిజాయితీగా అనగలిగితేనే ఆ దారిలో నడవండి.

మీ ఇంటికి వెంటనే చేయగలిగింది వేరే ఉంది. వంటనీళ్లు కూడా మార్చమని అమ్మకు చెప్పండి. బోరు నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన నీటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. అన్నం, పప్పు ఉడికే నీళ్లు కడుపులోకి వెళ్లేవే కదా. నాన్నగారిని ఎముకల వైద్యునికి చూపించండి. ఇవి చేయడానికి పీహెచ్‌డీ అవసరం లేదు, వచ్చే ఆదివారం చాలు.

ఇక అంశం సంగతి. మీ గైడ్ మాటలు మీకు కఠినంగా తగిలాయి కానీ, అందులో సగం నిజం. మన ప్రాంతంలో ఫ్లోరైడ్ కథ నిన్నటిది కాదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఈ జబ్బు, ఎముకల ఫ్లోరోసిస్, మన దేశంలో ఉందని మొదట వైద్య పత్రికల్లోకి ఎక్కింది 1937లో, షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాసిన వ్యాసాలతో. దుక్కి ఎద్దులు కుంటడం చూసి రైతులే అంతకుముందు దాన్ని కనిపెట్టారని చెబుతారు. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే అటు వెళ్లాయి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. అంటే మీ నాయనమ్మ పుట్టకముందే ఈ సంగతి ప్రపంచానికి తెలుసు. ఇన్ని దశాబ్దాల్లో చింతగింజ నుంచి వేరుశనగ పొట్టు దాకా బొగ్గు చేయని వస్తువు లేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో ఫ్లోరైడ్ అని కొట్టి, వచ్చిన థీసిస్‌ల జాబితాను ఒక సాయంత్రం ఓపికగా చూడండి. మీ గైడ్ విసుగు ఎక్కడిదో అర్థమవుతుంది. న్యాయంగా ఉండటానికి, ట్రయజోల్ అని కూడా కొట్టి చూడండి. ఆయన అంశం కూడా అంతే రద్దీగా ఉంటుంది.

అయితే ఆ థీసిస్‌లు చదివేటప్పుడు ఒక్క విషయం వెతకండి: ప్రయోగం ఏ నీళ్లతో చేశారు? చాలాచోట్ల జవాబు ఒకటే. స్వేదనజలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి, ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పీహెచ్‌ను తమకు అనువైన చోట నిలిపి, తొంభై శాతం తొలగించామని రాస్తారు. మీ ఊరి బోరు నీళ్లు అలా ఉండవు. గ్రానైట్ జాతి రాళ్ల పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీటిలోకి దిగుతుంది. నీటిలో బైకార్బనేట్ పెరిగినప్పుడు కాల్షియం సున్నపురాయిగా మారి విడిపోతుంది. ఫ్లోరైడ్‌ను కరగనివ్వకుండా పట్టి ఉంచేది కాల్షియమే. అది తగ్గితే ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీరు తరచుగా సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా, కాస్త క్షారగుణంతో ఉంటుంది.

ఇప్పుడు ఆ నీటిలో మీ అధిశోషకాన్ని, అంటే ఫ్లోరైడ్‌ను తన ఉపరితలం మీద పట్టుకునే పదార్థాన్ని, వేయండి. ఉత్తేజిత అల్యూమినా లాంటి పేరున్న పదార్థం కూడా పీహెచ్ ఐదు, ఆరు దగ్గర బాగా పట్టి, ఎనిమిది దాటేసరికి చతికిలబడుతుంది. బైకార్బనేట్, సిలికేట్, ఫాస్ఫేట్ అదే కుర్చీల కోసం పోటీ పడతాయి. ఉత్త నిమ్మతొక్క బొగ్గుకు ఫ్లోరైడ్ మీద పెద్ద మక్కువ ఉండదు. దానికి అల్యూమినియమో జిర్కోనియమో ఎక్కించాలి. ఎక్కించాక ఆ లోహం నీళ్లలోకి తిరిగి దిగుతోందా అన్నది ఇంకో ప్రశ్న. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అల్యూమినియంకు ఆ హద్దులు 0.03, 0.2 మాత్రమే. ఒక విషం తీసి ఇంకొకటి పెట్టామో లేదో కొలిచి చూపని థీసిస్ నాకైతే అసంపూర్ణమే.

కాగితం తీసుకుని ఈ లెక్క వేయండి. ఒక ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు అనుకుందాం. నీటిలో లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉంటే, దాన్ని 1కి తేవడానికి రోజుకు 60 మి.గ్రా. తీయాలి. మీ పదార్థం కిలోకు 2 గ్రాములు పట్టగలిగితే ఆ కిలో 33 రోజులు వస్తుంది. ముప్పై నాలుగో రోజు ఏమవుతుంది? దాన్ని క్షారంతో కడిగి మళ్లీ వాడాలంటే, గాఢంగా ఫ్లోరైడ్ నిండిన ఆ కడుగునీళ్లు ఎక్కడ పోస్తారు? పెరట్లో పోస్తే అవి తిరిగి ఏ బోరులోకి దిగుతాయి? మన పల్లెల్లో ఎంతో ఉత్సాహంగా పెట్టిన వడపోత పరికరాలు మూలపడటానికి ఇటువంటి ముప్పై నాలుగో రోజులే ఎక్కువగా కారణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో చేసే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. చవకైన, తెలివైన పద్ధతి. దానికీ బురద పారబోసే చిక్కు, రోజూ సరిగ్గా తూచి కలిపే మనిషి దొరకని చిక్కు ఉన్నాయి.

కాబట్టి, "నిమ్మతొక్కలతో ఫ్లోరైడ్ తొలగింపు" అని తీసుకెళితే గైడ్ కాదంటారు, ఆయన కాదనడం సబబే. "దర్శి ప్రాంతపు బోరు నీటిలో, తెలిసిన మూడు అధిశోషకాలు ఎందుకు, ఎంత, ఎన్నిసార్లు కడిగాక విఫలమవుతాయి" అని తీసుకెళితే అది వేరే అంశం. అక్కడ కొత్త పదార్థం కనిపెట్టామని గొప్ప చెప్పుకునే అవసరం లేదు. కనిపెట్టినవి ఎందుకు నిలబడలేదో చెప్పాలి. ఆ పని చేసినవారు తక్కువ. ఇందులో నష్టమూ ఉంది: ఇలాంటి ఫలితాలను అచ్చు వేయడానికి పత్రికలు అంత ఉత్సాహం చూపవు, వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఊళ్లు తిరగాలి, కనీసం రెండేళ్ల నీటి నమూనాలు కావాలి.

ఎలక్ట్రోడ్ లేదన్నది అసలైన అడ్డంకే, కానీ గోడ కాదు. స్పాడ్‌న్స్ అనే రంగు పద్ధతిలో మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్‌తో 570 నానోమీటర్ల దగ్గర ఫ్లోరైడ్ కొలవవచ్చు. క్షారత, అల్యూమినియం దాన్ని తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి ముందు స్వేదనం చేయాల్సి వస్తుంది. ఎలక్ట్రోడ్ దొరికినా ఒక ఉచ్చు ఉంది. పటిక వాడిన నీటిలో ఫ్లోరైడ్ అల్యూమినియంతో జతకట్టి దాక్కుంటుంది. ఆ జతను విడగొట్టే బఫర్ ద్రావణం కలపకపోతే ఎలక్ట్రోడ్‌కు అది కనిపించదు, మీరు తొలగించామని సంబరపడతారు. లోహాల కొలతలకు, పదార్థాల పరీక్షలకు చెన్నై ఐఐటీలో బయటివారి నమూనాలను కూడా పరీక్షించే సాయిఫ్ పరికరాల కేంద్రానికి రుసుము కట్టి నమూనాలు పంపవచ్చు. నెల్లూరు నుంచి ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి చేతికి ఇచ్చి రావచ్చు.

గైడ్ చెప్పిన దారిని కూడా మీరు మరీ చిన్నచూపు చూశారనిపించింది. ట్రయజోల్‌లను తయారుచేసే చర్యను 2002లో డెన్మార్క్‌లో మెల్డాల్, అమెరికాలో షార్ప్‌లెస్ వేర్వేరుగా రాగి సాయంతో సుసాధ్యం చేశారు. ఇద్దరికీ, బెర్టోజీతో కలిపి 2022లో నోబెల్ వచ్చింది. అజైడ్, ఆల్కైన్ రెండూ కొక్కెంలా తగులుకునే ఆ చర్య చిన్న ప్రయోగశాలలో కూడా నడుస్తుంది. అది నేర్చుకుంటే చేతికి పని వస్తుంది: పలుచని పొర మీద అణువులను విడదీసే టీఎల్‌సీతో చర్యను గమనించడం, కాలమ్‌లో శుద్ధి చేయడం, అణువు నిర్మాణాన్ని చెప్పే ఎన్ఎంఆర్ చదవడం. మీ అన్నయ్య చెబుతున్న కంపెనీలు అడిగేది ఈ చేతిపనినే. అందులో నాకు నచ్చనిది డాకింగ్ భాగం. అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్ వేసే అంచనా అది. దానికి ప్రయోగం తోడు లేకుండా స్కోర్ల పట్టికను ఫలితంగా రాస్తే పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. ఈ దారిలో వెళితే మూడున్నర, నాలుగేళ్లలో పట్టా దాదాపు ఖాయం. గైడ్ అనుభవం అండగా ఉంటుంది. కానీ ఐదో విద్యార్థి చేసిన ఐదో పాతిక అణువులు మీవే అవుతాయి. దానితో మీరు బతకగలరా అన్నది మీకే తెలియాలి.

మీరూ మీ గైడూ ఇద్దరూ చూడని సందు ఒకటి ఉందని నాకు అనిపిస్తోంది. ట్రయజోల్ వలయంలోని కార్బన్‌కు అంటుకున్న హైడ్రోజన్, రుణావేశ అయాన్లను ఆకర్షిస్తుంది. 2008లో అమెరికాలో ఫ్లడ్ అనే శాస్త్రవేత్త బృందం నాలుగు ట్రయజోల్‌లను గుండ్రంగా కూర్చి, మధ్య గూటిలో క్లోరైడ్ అయాన్‌ను బంధించి చూపింది. అంటే మీ గైడ్‌కు చేతనైన రసాయనం, మీ గుండెలో ఉన్న అయాన్ ఒకే చోట కలవవచ్చు: ఫ్లోరైడ్‌ను గుర్తించి రంగు మార్చే ట్రయజోల్ అణువు. పల్లెలో ఎవరైనా కాగితపు ముక్క ముంచి ఈ బోరు నీళ్లు తాగవచ్చో లేదో తెలుసుకోగలిగితే ఎంత మేలు!

ఇంత ఆశ పెట్టాక దీని కష్టం కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ చిన్న అయాన్. నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుని వదలవు. ఇటువంటి సెన్సర్లు చాలావరకు అసెటోనైట్రైల్, డీఎంఎస్ఓ లాంటి సేంద్రియ ద్రావకాల్లో చక్కగా రంగు మారి, కాస్త నీరు పడగానే మూగబోతాయి. మళ్లీ అదే కథ, అసలు నీళ్ల దగ్గర ఆగిపోవడం. ఒక మిల్లీగ్రాముకూ ఒకటిన్నరకూ తేడా చూపే సెన్సర్‌ను బైకార్బనేట్ నిండిన నీటిలో పని చేయించడం పీహెచ్‌డీకి సరిపడే కష్టమే, బహుశా కొంచెం ఎక్కువే. విఫలమైతే? పది కొత్త అణువులు, వాటి బంధన బలాల కొలతలు, నీటి శాతం పెరిగే కొద్దీ ఆ బలం ఎలా పడిపోతుందన్న లెక్క మిగులుతాయి. అది నిజాయితీగల థీసిస్. గైడ్‌కూ కొత్త వ్యాసాలు వస్తాయి. నా మొగ్గు ఇటు ఉందని దాచను, కానీ ఆరు నెలల్లో మొదటి అణువు కూడా తేలకపోతే వెనక్కి వచ్చే దారి ముందే మాట్లాడుకుని ఉంచుకోండి.

మీ సీనియర్ ఎవరో ఎంఓఎఫ్‌లు, అంటే లోహాలూ సేంద్రియ అణువులూ అల్లుకున్న రంధ్రాల పదార్థాలు, తీసుకోమన్నారని రాశారు. 2025 నోబెల్ కిటగావా, రాబ్సన్, యాఘీలకు వాటికే వచ్చింది కాబట్టి ఇప్పుడు అందరి చూపూ అటే. జిర్కోనియం, అల్యూమినియం ఎంఓఎఫ్‌లు ఫ్లోరైడ్‌ను పడతాయి కూడా. కానీ వాటిలో కొన్ని నీటిలోనే విడిపోతాయి, ఉపరితల వైశాల్యం కొలిచే యంత్రం లేని చోట ప్రతి నమూనాకూ బయటికి పరుగెత్తాలి. పేరు చూసి వెళ్లవద్దు.

ఉద్యోగం సంగతికి వస్తే, అన్నయ్య మాటలో ద్రోహమేమీ లేదు. ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ ఇంటి మీద బరువే. ఎమ్మెస్సీతో చేరి, రెండేళ్లలో మందులను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి తిరిగితే ఆ అనుభవానికి విలువ ఉంది. పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ కొనసాగించడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి, యాజమాన్యం అనుమతి పత్రం ఇవ్వాలి. అయితే షిఫ్టుల్లో పని చేస్తూ నీటి నమూనాల కోసం తిరగడం దాదాపు అసాధ్యం. ఉన్నచోటే ఉండదలిస్తే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ మరోసారి రాయండి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు. వయసులో మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. గైడ్‌తో మాట్లాడే ధైర్యం కూడా చేతిలో ఫెలోషిప్ ఉంటే పెరుగుతుంది. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందికరమైన నిజం.

పెళ్లి గురించి అమ్మతో వాదన పెట్టుకునే ముందు 2022 యూజీసీ నిబంధనలు చదవండి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండేళ్లు. మహిళలకు ఆ పైన ఇంకో రెండేళ్లు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంది. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలు కూడా ఇచ్చారు. కాబట్టి పెళ్లా పరిశోధనా అన్న ప్రశ్న ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. థీసిస్ ఇవ్వడానికి ముందు వ్యాసాలు అచ్చు కావాలన్న షరతును యూజీసీ తీసేసింది, మీ విశ్వవిద్యాలయం సొంత నిబంధన ఏమిటో కనుక్కోండి. ఏదేమైనా డబ్బు తీసుకుని వారంలో అచ్చు వేసే పత్రికల జోలికి వెళ్లవద్దు.

గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు కోరికతో కాకుండా రెండు పేజీల కాగితంతో వెళ్లండి. నాయనమ్మ ప్రస్తావన అందులో వద్దు. ఐదు బోర్ల నీటిలో పీహెచ్, క్షారత, కాల్షియం, ఫ్లోరైడ్ కొలతలు ఒక పట్టికలో. మొదటి మూడూ మీ విభాగంలోనే బ్యూరెట్‌తో, మీటర్‌తో తేలిపోతాయి. ఫ్లోరైడ్‌కు బయట ఒక ప్రయోగశాలలో డబ్బు కట్టండి. కింద ఒక్క ప్రశ్న: "మన ట్రయజోల్ ఈ నీటిలో ఫ్లోరైడ్‌ను గుర్తుపట్టగలదా?" మన అన్న మాట గమనించండి. నలుగురిని ఒకే దారిలో నడిపిన మనిషికి తన రసాయనం కొత్త చోటికి వెళుతుందంటే ఆసక్తి పుట్టవచ్చు. పుట్టకపోతే ఆయన అంశాన్నే తీసుకుని, అందులో చివరి అధ్యాయంగా దీన్ని చేర్చుకునే అనుమతి అడగండి. అదీ కుదరకపోతే గైడ్‌ను మార్చుకునే దారి ఉంటుంది. కానీ చిన్న విభాగంలో దాని చేదు మీతో చాలాకాలం ఉంటుంది. ఇంకొక గైడ్ ముందుగా ఒప్పుకోకుండా ఆ అడుగు వేయవద్దు.

ఇంకొక మాట, ఇది నా మనసులో చాలా ఏళ్లుగా ఉంది. మన ఫ్లోరైడ్ పల్లెలకు సీసాలు పట్టుకుని ఎంతోమంది వచ్చారు. నీళ్లు పట్టుకుని వెళ్లారు, పట్టాలు తీసుకున్నారు. ఏ బోరులో ఎంత ఉందో తిరిగి వచ్చి ఆ ఇంటివారికి చెప్పినవారు తక్కువ. సాగర్ నీరు, రామతీర్థం జలాశయం నుంచి వచ్చే పైపు నీరు అందిన చోట జనం ఎలాగో గట్టెక్కుతున్నారు. వేసవిలో అది రాని రోజుల్లో ఏ బోరు కాస్త నయమో తెలిస్తే అదే వారికి పెద్ద సాయం. మీరు ఏ అంశం తీసుకున్నా సరే, ఆ ఐదు బోర్ల అంకెలు తెలుగులో రాసి బోరు పక్కన గోడ మీద అంటించి రండి. తగ్గిస్తామని ఎవరికీ మాట ఇవ్వవద్దు. అంకె చెప్పండి చాలు.

నమూనాలకు గాజు సీసాలు వద్దు, పాలిథీన్ సీసాలు వాడండి. బోరు కాసేపు కొట్టి పాత నీళ్లు వదిలేశాక, సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, తర్వాత నింపండి. తేదీ, బోరు లోతు, చివరి వాన ఎప్పుడు పడిందో సీసా మీదే రాయండి. లోతు ఎంతో నాయనమ్మను అడగండి, ఆ బోరు వేసిన రోజు ఆమెకు గుర్తుండే ఉంటుంది.